జీలుగుమెట్ట కారు పని పుస్తకం

గడువుకి 44 రోజులు

ఇంజన్ మార్చిన బండికి పని పుస్తకం ఉండాలని, ఏ రోజు ఏం చేశారో చేసినవాళ్ళే రాయాలని పటం ఆఫీసు వారి నిబంధన. అందుకని రాస్తున్నాను. నా పేరు మైలపల్లి నూకాలు. వయసు యాభై ఆరు. సముద్రం మా రేవుని మింగకముందు పదహారేళ్ళు పడవలకి ఇంజన్లు బిగించాను. కారు ఎప్పుడూ ముట్టలేదు. దాచేదేముంది, ముందే రాసేస్తున్నాను.

నిన్న ఉత్తరం వచ్చింది. సంతపాలెం నుంచి మా జీలుగుమెట్టకి వచ్చే పందొమ్మిది కిలోమీటర్ల ఘాటు దారిలో దగ్గర దగ్గర ఏడేళ్ళుగా ఏ బండీ నడవలేదట. ఏడేళ్ళు నిండిన రోజున ఆ దారిని పటంలోంచి తీసేస్తారట. పటంలో దారి లేని ఊరికి కరెంటు ఉండదు, మందులు రావు, బడి ఉండదు. రెండువందల పన్నెండు గడపలనీ కింద కట్టిన గదుల బస్తీకి తరలిస్తారు.

బండ్లు ఎందుకు నడవలేదో వాళ్ళకి తెలీదా? వాళ్ళ బండ్లకి డ్రైవర్లు ఉండరు. పటం ఎటు పొమ్మంటే అటు పోతాయి. నాలుగో మలుపు దగ్గర కొండ జారినప్పటి నుంచి అక్కడి వాలు చూసి వెనక్కి తిరిగిపోతున్నాయి. ఆ జారిన మట్టిని మేం తట్టలతో ఎత్తిపోసి దారి బాగుచేసి ఆరేళ్ళయింది. మనుషులు నడుస్తున్నారు, గాడిదలు నడుస్తున్నాయి. అవి లెక్కలోకి రావట.

ఉత్తరం చివర చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. నంబరు ఉన్న బండి ఏదైనా సరే, నిండా మనుషులతో, ఆఫీసు సాక్షి ఎదుట, కింద నుంచి పైదాకా ఒక్కసారి వస్తే దారి నిలుస్తుంది.

నంబరు ఉన్న బండి మాకు ఒకటుంది. పాత అటవీ బంగళా షెడ్డులో గుండ్రటి బానెట్టు తెల్ల కారు. దాని నంబరు రద్దు చెయ్యాలని ఎవరికీ గుర్తు రాలేదు. ఇంజన్ మాత్రం బ్లాకు పగిలి చచ్చి ఇరవయ్యేళ్ళయింది. నంబరు ఛాసిస్‌ది, ఇంజన్‌ది కాదు. ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇంజన్ మార్చకూడదని ఎక్కడా లేదు.

మా రేవుని ఒకసారి పటంలోంచి చెరిపారు. అది సముద్రం చేసిన పని కాబట్టి ఊరుకున్నాను. ఈసారి ఊరుకోను.

గడువుకి 40 రోజులు

మూడు వెదురు బొంగులు ముక్కాలిపీటలా నిలబెట్టి, చైన్ పుల్లీ కట్టి, చచ్చిన ఇంజన్‌ని పైకి లాగాం. కొత్తది అంటే కొత్తదేం కాదు, మూతబడ్డ పసుపు గోదాములో జనరేటర్ తిప్పిన మూడు సిలిండర్ల డీజిల్ ఇంజన్. ఆయిల్ తీసి చూశాను, లోపల శుభ్రంగా ఉంది.

డీజిల్ ఎక్కడిదని అడుగుతారు. డీజిల్ లేదు. వంతల సుక్రి గానుగలో కానుగ గింజల నూనె తీస్తుంది. దాన్ని వడకట్టి, కాచి, తేర్చి పోస్తే ఈ ఇంజన్ తాగుతుంది. సుక్రి మొగుడు బుద్రు తాపీ మేస్త్రీ. నాకు పనిలో తోడు వాళ్ళిద్దరే.

ఇంకొకాయన ఉన్నాడు. సన్యాసి మావ. వరసకి మావ కాదు, ఊరందరికీ మావే. డెబ్బై తొమ్మిదేళ్ళు. మనుషులు లారీలు నడిపే కాలంలో ఈ ఘాట్‌లోనే ముప్ఫయ్యేళ్ళు నడిపాడు. రెండు కళ్ళలోనూ పువ్వులు పడ్డాయి, మనిషి నీడ తప్ప కనబడదు. పొద్దున్నే వచ్చి షెడ్డు గుమ్మంలో కూచున్నాడు.

"ఏటే నూకాలూ, ఏటి సేస్తన్నావ్?"

"కారుకి ఇంజన్ ఎక్కిస్తన్నాను మావా."

"ఎవులు నడుపుతారు?"

"నేనే."

"నీకొచ్చా?"

"రాదు. నువ్వు నేర్పుతావు."

ముసలాయన చాలాసేపు నవ్వాడు. నవ్వి, లోపలికొచ్చి, కారు రెక్క తడిమి చూసి, "ముందల కొండ బండికి కట్టే టైర్లు ఏసెయ్యి, ఇవి పనికిరావు" అన్నాడు.

గడువుకి 33 రోజులు

ఇంజన్ కూచోడం లేదు.

కిందున్న ఆయిల్ చాంబరు ఛాసిస్ అడ్డపట్టీకి తగుల్తోంది. పైకెత్తితే బానెట్టు మూత పడదు. వెనక్కి జరిపితే స్టీరింగు రాడ్డు తగుల్తుంది. ముందుకి జరిపితే ఫ్యాను రేడియేటర్‌ని తినేస్తుంది. నాలుగు రోజులు దించడం, కొలవడం, మళ్ళీ ఎత్తడం.

"ఆ పట్టీ కోసెయ్యరాదా?" అన్నాడు బుద్రు.

"నీ ఇంటికి దూలం అడ్డొస్తే కోసేస్తావా?"

"కొయ్యను."

"ఇదీ అంతే."

చాంబరు కోశాను. ముందు భాగం లోతు తగ్గించి, ఆ తగ్గిన ఆయిల్ పట్టేలా వెనక భాగాన్ని వెడల్పు చేసి, రేకు వంచి వెల్డింగు పెట్టాను. రెండుచోట్ల కారితే మళ్ళీ పెట్టాను. ఈరోజు ఇంజన్ కూచుంది. చాంబరుకీ పట్టీకీ మధ్య నా బొటనవేలు దూరుతుంది. అంత చాలు, ఇంజన్ రబ్బర్ల మీద ఊగినప్పుడు తగలదు.

గడువుకి 27 రోజులు

ఇంజన్‌నీ పాత గేరు పెట్టెనీ కలపడానికి మధ్యలో పలక కావాలి. దాని బెజ్జాలు ఇంజన్‌కి, అంచులు గేరు పెట్టెకి సరిపోవాలి. ఇంజన్ కడ్డీ నడిబిందువూ గేరు పెట్టె కడ్డీ నడిబిందువూ ఒక్కచోటే ఉండాలి. వెంట్రుక తేడా వచ్చినా క్లచ్చు నెలలో పోతుంది. ఫ్లైవీలుకి ఒక తీగ బిగించి, దాన్ని చేత్తో తిప్పుతూ, పలక అంచు చుట్టూ తీగ మొన ఒకే దూరంలో నడుస్తోందా లేదా అని చూశాను. ఒకవైపు దగ్గరయ్యేది. పలకని ఆకురాయితో రుద్ది సర్ది, మళ్ళీ తిప్పి చూడటం. నూట పదిసార్లు తిప్పాక లెక్క మానేశాను.

మూడోరోజు మధ్యాహ్నానికి తీగ చుట్టూ సమంగా తిరిగింది. సుక్రి జొన్న సంకటి తెచ్చి తినేదాకా కదలనియ్యలేదు.

గడువుకి 21 రోజులు

పటం ఆఫీసు నుంచి ఒకమ్మాయి నడిచొచ్చింది. నిజంగానే నడిచొచ్చింది, పందొమ్మిది కిలోమీటర్లూ. పేరు ఆముక్త. ముప్ఫై ఏళ్ళుంటాయి. మడమలు ఒరుసుకుపోయి నెత్తురు కారుతుంటే సుక్రి కానుగ నూనె రాసింది.

"తరలింపుకి ఇళ్ళు లెక్కపెట్టడానికి వచ్చాను" అంది.

"లెక్కపెట్టుకోండి. మేం కదలం" అన్నాను.

షెడ్డులోకొచ్చి కారు చూసింది. జేబులోంచి పటం చూపించే మాటల పలక తీసి ఏదో వెతికింది. అది ఆమెతో మాట్లాడుతూనే ఉంది, "మీరున్నచోట దారి నిర్ధారణ కాలేదు" అని. ఆవిడ దాని నోరు మూసింది.

"నూకాలు గారూ, నంబరు సరైనదే. ఇది పైకొస్తే నేను సంతకం పెట్టాల్సిందే. కానీ ఐదు సీట్లలోనూ ఐదుగురు ఉండాలి. దారిలో ఎవరూ దిగకూడదు, ఎవరూ తొయ్యకూడదు. ఒక్కరు దిగినా చెల్లదు."

"ఐదోవారు మీరేనా?"

"సాక్షిని కదా, నేనే."

"అయితే మీ సీటు తుడిచి ఉంచుతాను."

నవ్వలేదు. కానీ పోతూ పోతూ కారు దగ్గర ఒక నిమిషం ఎక్కువ నిలబడింది.

గడువుకి 17 రోజులు

స్టార్టయింది!

ముందు దగ్గింది, తెల్లటి పొగ వదిలింది, తర్వాత టకటకమని అందుకుంది. షెడ్డంతా వేపుడు వాసన. ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. పుట్టాక ఇంజన్ చప్పుడు వినని వాళ్ళే సగంమంది.

పడవలో ఇంజన్ బిగించేటప్పుడు ఇంజన్ నుంచి పంఖా దాకా దారం కట్టి, అంతా ఒకే గీతలో ఉండేలా చూస్తాం. ఇక్కడా అలాగే చేశాను. గేరు పెట్టె తోక నుంచి వెనక చక్రాల మధ్య ఉండే హౌసింగు ముక్కు దాకా దారం లాగి, అంతా ఒకే గీతలోకి తెచ్చాను. మధ్యలో తిరిగే జాయింటు షాఫ్టు వీణతీగలా నిటారుగా ఉంది. బడి మైదానంలో నేనొక్కదాన్నే నడిపాను. రెండుసార్లు ఆగిపోయింది, ఒకసారి వాలీబాల్ స్తంభాన్ని గుద్దాను. మూడోసారి నాలుగు చుట్లు తిరిగాను. వెన్నలా పోయింది.

గడువుకి 14 రోజులు

ఈరోజు సంగతి రాయాలని లేదు. రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఐదు సీట్లూ నింపాం. ముందు నేనూ సన్యాసి మావా, వెనక బుద్రు, సుక్రి, ఆఫీసు పిల్ల బరువుకి ఒక చోళ్ళ బస్తా. రెండు మలుపులు దిగి తిరిగి ఎక్కుదామని బయల్దేరాం.

దిగడం బాగానే దిగాం. ఎక్కేటప్పుడు వేగం పెంచగానే కారు ఒళ్ళంతా వణకడం మొదలైంది. జ్వరం వచ్చినవాడి పళ్ళలా. మావ చెయ్యి సీటు కిందకి పోయింది.

"ఆపీ! నూకాలూ, ఆపీ! షాఫ్టు కొట్టుకుంతాది!"

నేను ఆపలేదు. ఇంకొంచెం పోతే సర్దుకుంటుందనుకున్నాను. ఢామ్మని చప్పుడు. వెనక క్రాసు విరిగిపోయింది. క్రాసు అంటే షాఫ్టు చివర మడతబందులా కదిలే ఇనప ముక్క. అది విరగ్గానే షాఫ్టు ఊడి, తిరుగుతూ తిరుగుతూ కారు అడుగు రేకుని చీల్చేసింది. బుద్రు కాలు అక్కడే ఉంది.

కారు వెనక్కి జారింది. బ్రేకు తొక్కి పట్టుకున్నాను, సుక్రి దూకి టైరు కింద రాయి పెట్టింది. బుద్రు కాలు విరగలేదు. పాదం మీద చర్మం అరచేయంత లేచిపోయింది. ఊరివాళ్ళు ఇద్దరు అతన్ని మోసుకుంటూ పైకి తెచ్చారు, మిగతావాళ్ళు కారుని తాళ్ళతో లాక్కొచ్చారు. అతను ఒక్క మాట అనలేదు. అనుంటే బావుండేది.

సాయంత్రం నాలుగిళ్ళలో గిన్నెలు కడిగి మూటలు కట్టుకోవడం చూశాను.

గడువుకి 13 రోజులు

తెల్లారి మావ నన్ను పిలిపించాడు. తిడతాడనుకున్నాను.

"పడవ బుద్ధి పెట్టావే దీనికి" అన్నాడు. "పడవ అడుగు కదల్దు. ఇంజనూ పంఖా ఎప్పుడూ ఉన్నచోటే ఉంటాయి, అందికే ఒక గీత. కారుకి ఎనకాల కమాన్ పట్టీలుంటాయి. మనిసెక్కితే కుంగుతాది, గొయ్యొస్తే లెగుస్తాది. నువ్వు ఒక్కదానివీ కూకుంటే నీ గీత తిన్నగానే ఉంది. ఐదుగురెక్కేసరికి ఏటైంది?"

"వెనక కుంగింది. హౌసింగు ముక్కు పైకి చూసింది."

"ఆఁ. షాఫ్టుకి ఆ పక్కొక క్రాసు, ఈ పక్కొక క్రాసు. వంగి తిరిగే క్రాసు ఏ సుట్టూ సమంగా తిప్పదు. సుట్టుకి రెండుసార్లు జోరు, రెండుసార్లు నెమ్మది. ముందల క్రాసు సేసిన తప్పు ఎనకాల క్రాసు దిద్దాలి. దిద్దాలంటే రెండూ ఒకే లెక్కన వంగాలి. తెలిసిందా?"

ఆయన తన రెండు చేతులూ ముందుకి చాపాడు. ఒకటి పైన, ఒకటి కింద. రెండూ ఒకదానికొకటి సమాంతరంగా, ఒకే వైపు చూస్తూ.

"ఒక గీత కాదే. రెండు గీతలు. రైలు పట్టాల్లాగ. గేరు పెట్టెది ఒకటి, హౌసింగుది ఒకటి. ఎత్తు తేడా ఉన్నా పర్లేదు, సూపు ఒకటే ఉండాల. మద్దెలో షాఫ్టు ఆటిని కలుపుతాది."

"ఇది ముందే చెప్పలేకపోయావా మావా?"

"నువ్వు అడిగావా?"

అడగలేదు. నాకొచ్చు అనుకున్నాను. బుద్రు కాలి గాయానికి అదే కారణం. ఇది పటం ఆఫీసు వారికి అవసరం లేకపోయినా రాస్తున్నాను.

గడువుకి 9 రోజులు

బుద్రు కుంటుకుంటూ వచ్చాడు. చంకలో తన రసమట్టం, తూకపు గుండు.

"గోడ వాలు సూడ్డానికి పనికొచ్చేది, దీని వాలు సూడ్డానికి పనికిరాదా?" అన్నాడు.

వద్దని ఇంటికి పొమ్మన్నాను. పోలేదు.

కారులో ఐదు చోళ్ళ బస్తాలు వేసి, చక్రాలు నేల మీదే ఉంచి కొలిచాం. జాకీ మీద ఎత్తి కొలిస్తే అబద్ధం చెబుతుంది. వెనక భాగం మూడు వేళ్ళు కుంగింది. బడిలోంచి కోణమానిని తెచ్చి, దానికి తూకపు గుండు దారం కట్టి, గేరు పెట్టె తోకకి ఆనించాను. మూడు డిగ్రీలు కిందకి. హౌసింగు ముక్కుకి ఆనించాను. మూడు డిగ్రీలు పైకి ఎత్తి ఉంటే దాని చూపు గేరు పెట్టె చూపుతో కలవాలి. ఏడు ఎత్తి ఉంది. నాలుగు డిగ్రీల తేడా. ఆ వణుకంతా అదే.

"ఇంకొకటి" అన్నాడు మావ. "ఎక్కేటప్పుడు ఇంజన్ తోసిన బలానికి హౌసింగు ముక్కు ఇంకాస్త పైకి లెగుస్తాది. అందికే ఒక డిగ్రీ తగ్గించి పెట్టు. ఘాటీలో అదే దాని సోటికి అది వచ్చేస్తాది."

అంటే రెండు. కమాన్ పట్టీలకీ ఇరుసుకీ మధ్య పెట్టడానికి ఇనప చీలికలు చేశాను, ఒకవైపు మందం, ఒకవైపు పలచన. బుద్రు రసమట్టం పట్టుకున్నాడు, నేను రుద్దాను. రెండు వైపులా ఒకే మందం రావడానికి రెండు రోజులు.

గడువుకి 5 రోజులు

విరిగిన క్రాసుకి బదులు దొరకలేదు. పొలంలో మట్టిలో కూరుకుపోయిన, ట్రాక్టరు వెనక దున్నే రోటవేటరు షాఫ్టు ఒకటి తవ్వి తీశాం. దాని చివర క్రాసుల్ని పట్టుకునే రెండు ఫోర్కులూ క్రాసులతో సహా బాగున్నాయి. అవి కోసి మా షాఫ్టు గొట్టానికి అతికించాను. చీలికలు పెట్టాక హౌసింగు ముక్కు కాస్త దగ్గరైంది కాబట్టి గొట్టాన్ని వేలెడు పొట్టి చేశాను. కారు కుంగి లేచినప్పుడు షాఫ్టు ముందుకీ వెనక్కీ జరగడానికి చోటు ఉంచాను.

రెండు ఫోర్కులూ ఒకే తలంలో ఉండాలి. చదునైన బండ మీద పెట్టి చూశాను, ఒకటి చీమంత మెలితిరిగి ఉంది. సుక్రి "ఇంతేగా, ఒగ్గీ" అంది. కోసి మళ్ళీ అతికించాను. ఇకమీదట ఈ కారు విషయంలో ఇంతేగా అన్న మాట నా నోట రాదు.

సాయంత్రం ఐదుగురి బరువుతో మైదానంలో నడిపాను. మావ కళ్ళు మూసుకుని సీటు మీద అరచెయ్యి పెట్టి కూచున్నాడు. వేగం పెంచాను. ఇంకా పెంచాను.

"ఏటి మావా?"

"మాటాడకు. ఇంటన్నాను."

మూడు చుట్లయ్యాక చెయ్యి తీశాడు. "పోనీ" అన్నాడు.

గడువు రోజు

తెల్లవారుతూనే కిందకి దిగాం. సంతపాలెంలో ఆముక్త గారు నిలబడి ఉన్నారు, మడమలకి గుడ్డ చుట్టుకుని. ఆమె పలక కారుని చూసి "గుర్తు తెలియని వస్తువు" అంది. ఆమె దాన్ని సంచిలో పెట్టేసి వెనక సీటులో బుద్రుకీ సుక్రికీ మధ్య కూచున్నారు.

మొదటి మూడు మలుపులూ రెండో గేరులో ఎక్కాం. కారు వణకలేదు.

నాలుగో మలుపు. వాలు మొదలయ్యే చోట వాన నీటికి ఒండ్రు మట్టి పేరుకుని ఉంది. చక్రం జారింది, ఇంజన్ కుంటుపడి ఆగిపోయింది. ఎడమ పక్క అంచు. కింద చెట్ల తలలు.

బ్రేకు తొక్కి పట్టాను. ఇంజన్ చల్లబడుతూ టిక్కు టిక్కుమంటోంది. ఆముక్త గారి గొంతు సన్నగా వచ్చింది.

"బరువు తగ్గితే ఎక్కుతుందేమో. నన్ను దిగమంటారా?"

"దిగితే చెల్లుతుందా?"

"చెల్లదు."

"మరెందుకమ్మా దిగడం? కూచోండి."

మావ నా భుజం మీద చెయ్యి వేశాడు. "మొదటి గేరు. బేగి తొక్కకు. క్లచ్చు మీద కాలు వదిలేటప్పుడు పిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు వదలాల. జారితే జారనీ, ఆపొద్దు."

స్టార్టు చేశాను. చక్రం జారింది. ఒకసారి, రెండోసారి. నేను ఆపలేదు. మూడోసారి కొండ టైరు మట్టి కింద రాతిని పట్టుకుంది. కారు మూలిగి ముందుకి కదిలింది. హౌసింగు ముక్కు పైకి లేచి ఉంటుంది, నేను వదిలిన ఆ డిగ్రీ అంతా వాడుకుని ఉంటుంది. షాఫ్టు నోరెత్తలేదు. వెనక సుక్రి గట్టిగా అరుస్తోంది, అది నవ్వో ఏడుపో తర్వాత అడిగినా చెప్పలేదు.

పదకొండు మలుపులూ ఎక్కి బడి మైదానంలో ఆపాను. ఆముక్త గారు కారు బానెట్టు మీదే కాగితం పెట్టి సంతకం చేశారు. వేడికి కాగితం వంకర్లు పోయింది.

దారి నిలిచాక 12వ రోజు

ఈ పుస్తకం ఇక అక్కర్లేదన్నారు. అయినా రాస్తున్నాను.

రెండో ఉత్తరం వచ్చింది. దారి పటంలో ఉంటుందట. కానీ పటం మాట వినని బండి దారి మీద ఉండటం ప్రమాదమట. పదిరోజుల్లో కారుని సంతపాలెం గేటు దగ్గర అప్పగించాలట. లోపల ఆముక్త గారి చేతిరాతతో వేరే చీటీ ఉంది. "ఈ ఉత్తరం నేను రాయనన్నాను. వేరేవాళ్ళు రాశారు."

రచ్చబండ దగ్గర కూచున్నాం. కొందరు ఇచ్చేద్దాం అన్నారు. కావలసింది వచ్చేసింది కదా, ఎందుకు గొడవ అన్నారు.

"మళ్ళీ ఏడేళ్ళకి ఏం చేస్తారు?" అన్నాను. "అప్పుడు వాళ్ళ కాళ్ళు పట్టుకుంటారా?"

బుద్రు లేచి నిలబడ్డాడు, పాదం మీద కట్టుతోనే. "నా కాలి సెరమం ఆ కారులో ఉంది. నాను ఇవ్వను" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఇచ్చేద్దామని ఎవరూ అనలేదు.

16వ రోజు, సోమవారం

పసుపు, పనసకాయలు, కాన్పుకి పోయే ఇద్దరు నిండు చూలాళ్ళు, పక్కన మావ. సంతకి బయల్దేరాం.

సంతపాలెం గేటు దగ్గర కొత్తగా ఒక అడ్డగడ వేశారు. ఎర్రదీపం వెలిగింది. గొంతు వచ్చింది. "గుర్తు తెలియని వస్తువు. వెనక్కి వెళ్ళండి." మనిషి ఎవరూ లేరు. వాళ్ళ బండ్లు రెండు ఆ గడ ముందు బుద్ధిగా ఆగి ఉన్నాయి.

"ఏటైంది?" అన్నాడు మావ.

"గడ వేశారు."

"ఎంత లావుంది?"

ఇంజన్ ఆపకుండా దిగాను. గడ కింద భుజం పెట్టాను. పడవ ఇంజన్లు మోసిన భుజం, కాబట్టి చాలా బలం పెట్టాను. అంత అక్కర్లేకపోయింది. లోపల డొల్ల. చేటంత బరువు కూడా లేదు. గొంతు ఇంకా వెనక్కి వెళ్ళమంటూనే ఉంది. గడని తల పైకెత్తి పక్కన స్తంభానికి నా కొంగు చింపి కట్టేశాను.

తిరిగొచ్చి కూచున్నాను.

"రెండో గేరు" అన్నాడు మావ.

వేశాను.